ఎపిసోడ్ 23: ఐదు వేలతో వైజాగ్‌లో రెండు రాత్రులు, మేమిద్దరమే

గాలి సౌండ్ వస్తే ఏమనుకోకండి, మేడ మీద కూర్చుని మాట్లాడుతున్నాను. కింద మా అత్త ఉంది. ఈ ఊసు అత్త వినేలా చెప్పలేను కదా.

పోయిన వీడియో కింద చాలామంది ఒకటే అడిగారు. "అక్కా, పెళ్ళయ్యాక మేం ఎక్కడికీ వెళ్ళలేదు. చేతిలో నాలుగైదు వేలే ఉన్నాయి. వైజాగ్ వెళ్ళి రెండ్రోజులు ఉండి రావచ్చా?" అని. రావచ్చు. మేం వెళ్ళొచ్చాం. 2025 జూన్‌లో, 17వ తేదీ మంగళవారం వెళ్ళి 19వ తేదీ గురువారం తిరిగొచ్చాం. ఎంత ఖర్చయింది, ఎక్కడ బోల్తా పడ్డాం, అన్నీ చెబుతాను. మా బావ వచ్చే నెల వెరావల్ నుంచి వస్తున్నాడు. మళ్ళీ వెళ్దామనుకుంటున్నాం కాబట్టి, ఈసారి ఏం మారుస్తున్నానో అది కూడా చెబుతాను.

ముందు ఒక కామెంటుకి జవాబు చెప్పేస్తాను. "మీది భావనపాడు కదా, ఇంటి ముందే సముద్రం. మళ్ళీ బీచ్ చూడ్డానికి వైజాగ్ ఎందుకు?" అని ఒక తమ్ముడు అడిగాడు. నిజమే తమ్ముడూ. మా బావ కూడా అదే అన్నాడు. "ఏటే, పది నెలలు నీళ్ళు సూసి సూసి వొచ్చిన్నేను, మళ్ళీ నీళ్ళే సూపిస్తావా?" అన్నాడు.

నాకు కావలసింది సముద్రం కాదు. తలుపున్న గది.

మా ఇంట్లో రెండు గదులు. అత్త, మామ, మరిది, నేను. బావ ఉన్న రెండు నెలలూ చుట్టాలు వస్తూనే ఉంటారు. మగవాళ్ళు వెరావల్ నుంచి ఇళ్ళకి రావడమంటే మా ఊళ్ళో పండగ లాంటిదే. 'తండేల్' సినిమా చూసినవాళ్ళకి తెలుసు, మన శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల తీరం ఊళ్ళ నుంచి ఎంతమంది గుజరాత్ బోట్ల మీదకి వెళ్తారో. ఆగస్టులో వెళ్తే మళ్ళీ మే చివరికో జూన్‌కో వస్తారు. పడమటి తీరంలో జూన్ నుంచి వేట నిషేధం ఉంటుంది, అప్పుడు బోట్లు కట్టేస్తారు. మన వైపు ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా. అంటే బావ ఇంటికొచ్చేసరికి మామ మళ్ళీ ఇక్కడి వేటకి రెడీ అవుతుంటాడు. ఇల్లంతా వలలు, తాళ్ళు, మనుషులు. పెళ్ళయి రెండేళ్ళయినా మేమిద్దరం మాట్లాడుకున్నది ఫోన్‌లోనే ఎక్కువ. అది కూడా బోటు ఒడ్డుకొచ్చి సిగ్నల్ దొరికితేనే.

అందుకని డబ్బులు తక్కువగా ఉన్నవాళ్ళకి నేను చెప్పేది ఒకటే. మీ ఇంట్లో లేనిది ఏదో చూసుకోండి, డబ్బంతా దాని మీద పెట్టండి, మిగతావన్నీ తగ్గించేయండి. మాకు లేనిది గది. మీ ఇంట్లో మీరిద్దరే ఉంటే మీకు గది సంగతి అక్కర్లేదేమో, పగలంతా తిరిగి రాత్రికి వచ్చేయొచ్చు, లాడ్జి డబ్బులతో మంచి భోజనం చేయొచ్చు. రీల్స్‌లో చూపించే ప్లాన్ అందరికీ ఒకటే ఉంటుంది: బీచ్, కైలాసగిరి, కేఫ్, సూర్యోదయం. ఆ కేఫ్‌లో రెండు కాఫీలకి ఇచ్చే డబ్బుతో మేమిద్దరం ఒక పూట బిర్యానీ తిన్నాం.

డబ్బెక్కడిదో చెబుతాను. నేను జాకెట్లు కుడతాను. బావ వెళ్ళిన ఆగస్టు నుంచి నెలకి 500 పక్కన పెట్టాను. పోపుల డబ్బాలో కాదు, పోస్టాఫీసులో. డబ్బాలో ఉంటే అవసరానికి ఎవరో ఒకరు తీస్తారు. పది నెలలకి 5,000 అయింది. వేట నిషేధం సాయం 20,000 మామకి వచ్చింది, దాన్ని ముట్టుకోలేదు, అది ఇంటి డబ్బు. మీక్కూడా ఇదే చెబుతాను. సరదా ట్రిప్పుకి ఇంటి డబ్బు తీసుకుంటే అక్కడ తిన్న ప్రతి ముద్దకీ లెక్క చెప్పుకోవాలి. మీ సొంత చిన్న డబ్బుతో వెళ్ళండి. అది మూడు వేలే అయినా సరే, ఒక రాత్రే ఉండి రండి.

ఇక ఇంట్లో ఏం చెప్పామంటారా? సింహాచలం మొక్కు. (నవ్వు) నవ్వకండి, ఉత్తరాంధ్రలో సగం హనీమూన్లు సింహాద్రి అప్పన్న పేరు మీదే జరుగుతాయి. అబద్ధం కూడా కాదు, నిజంగానే దర్శనం చేసుకున్నాం, ప్రసాదం తెచ్చాం. అత్త మాత్రం "దర్శనానికి రెండు రాత్రులెందుకే?" అంది. బావ తల వంచుకుని వలలు సర్దుతూ కూర్చున్నాడు. మామే అన్నాడు, "ఎల్లనీయే, గుంటలు" అని. ఆ మాటకి మామకి ఎంత రుణపడ్డానో.

ఇప్పుడు తేదీలు. ఇది చాలామంది పట్టించుకోరు, డబ్బు పోయేది ఇక్కడే. శని, ఆదివారాలు వద్దు. సోమవారం వెళ్తే సబ్‌మెరైన్ మ్యూజియం సెలవు, జూ కూడా సెలవు. మంగళ, బుధ, గురు బాగుంటాయి. బళ్ళు తెరిచాక వెళ్ళండి, మనకి జూన్ 12న తెరుస్తారు, అప్పటి నుంచి పిల్లల్ని తీసుకొచ్చే కుటుంబాలు తగ్గుతాయి. పెళ్ళి ముహూర్తాల రోజుల్లో లాడ్జీలు దొరకవు, దొరికినా రేటు ఎక్కువ. ఆషాఢంలో ముహూర్తాలు ఉండవు, గదులు ఖాళీగా ఉంటాయి. కొత్తగా పెళ్ళయినవాళ్ళని ఆషాఢంలో ఎలాగూ విడిగా ఉంచుతారు కాబట్టి ఆ సలహా రెండో ఏడాది నుంచి వాడుకోండి. అక్షయ తృతీయ రోజు సింహాచలంలో చందనోత్సవం. ఏడాదిలో ఆ ఒక్కరోజే స్వామి నిజరూపం కనిపిస్తుంది. భక్తితో వెళ్ళేవాళ్ళు వెళ్ళండి, కానీ ఇద్దరు మెల్లగా తిరిగొద్దామనుకుంటే ఆ రోజు అటు పోవద్దు. జనం అంతా ఇంతా కాదు.

ఇన్ని చూసుకుని కూడా ఒకటి మర్చిపోయాను నేను. 2025 జూన్ 21న యోగా దినోత్సవం, ప్రధానమంత్రి వచ్చింది వైజాగ్‌కే, ఆర్కే బీచ్ దగ్గరే. మేం వెళ్ళింది 17న. బీచ్ రోడ్డంతా ఏర్పాట్లు, పోలీసులు, బారికేడ్లు. ఫోన్ చేసిన మొదటి మూడు లాడ్జీలూ "ఈ వారం ఖాళీ లేదమ్మా" అన్నాయి. అప్పుడు తెలిసింది. కాబట్టి తేదీ అనుకోగానే ఆ వారం ఊళ్ళో ఏం జరుగుతోందో ఫోన్‌లో ఒకసారి చూసుకోండి. క్రికెట్ మ్యాచ్, నేవీ వేడుకలు, పెద్ద మీటింగు ఏదైనా కావచ్చు. ఒక్క నిమిషం పని, నేను చెయ్యలేదు.

ప్రయాణం సంగతి. ఇక్కడి నుంచి నౌపడకి షేర్ ఆటో. నౌపడ నుంచి పాసింజర్ రైలు. పలాస నుంచి వచ్చేది, గుణుపూర్ నుంచి వచ్చేది, రెండూ విశాఖ వెళ్తాయి. ఇద్దరికీ ఒకవైపు టికెట్లు కలిపి వంద దాటలేదు. రైలు మెల్లగా పోతుంది, అన్ని స్టేషన్లలో ఆగుతుంది. అదే మంచిదయింది. ఉప్పు మళ్ళు దాటాక కిటికీ దగ్గర కూర్చున్నాం, తిలారు, ఆమదాలవలస, చీపురుపల్లి... మాట్లాడుకుంటూనే ఉన్నాం. విజయనగరం దాకా అత్త కట్టిచ్చిన పులిహోరే తిన్నాం. జనరల్ టికెట్ ఇప్పుడు రైల్‌వన్ యాప్‌లో కూడా తీసుకోవచ్చు, క్యూలో నిలబడక్కర్లేదు.

మరి ఆడవాళ్ళకి ఫ్రీ బస్సు ఉంది కదా అంటారు. అది మేం వెళ్ళొచ్చాక వచ్చింది, 2025 ఆగస్టు 15న, స్త్రీ శక్తి. పల్లెవెలుగు, అల్ట్రా పల్లెవెలుగు, సిటీ ఆర్డినరీ, మెట్రో ఎక్స్‌ప్రెస్, ఎక్స్‌ప్రెస్, ఈ ఐదింటిలో మన రాష్ట్రం ఆడవాళ్ళకి టికెట్ లేదు. ఆధార్ లాంటి గుర్తింపు కార్డు చూపించి సున్నా టికెట్ అడిగి తీసుకోవాలి. సూపర్ లగ్జరీ, ఏసీ బస్సులకి లేదు. నేను లెక్కేసి చూశాను. టెక్కలి నుంచి ఎక్స్‌ప్రెస్‌లో వెళ్తే నాకు సున్నా, బావకి టికెట్. కానీ బావ ఒక్కడి బస్సు టికెట్టు కంటే ఇద్దరి పాసింజర్ టికెట్లు కలిపినా తక్కువే. కాబట్టి దూరం రైలు, సిటీ లోపల బస్సు. సిటీలో మాత్రం ఈ ఫ్రీ బాగా కలిసొస్తుంది, ఎందుకంటే పోయినసారి తిరగడానికే 420 అయింది. అందులో సగం రాత్రి పూట ఒక ఆటోకి ఇచ్చింది. స్టేషన్ దగ్గర బయటికి రాగానే మీదపడే ఆటో ఎక్కకండి, నాలుగడుగులు నడిచి రోడ్డు మీద బస్సు చూసుకోండి.

ఇప్పుడు గది. ఇక్కడ కాసేపు ఆగుతాను.

యాప్‌లో ఫొటోలు చూసి బుక్ చేయకండి. ఆ ఫొటోలోని గది మీకిచ్చే గది ఒకటి కాకపోవచ్చు. పేరు చూసుకోండి, నేరుగా లాడ్జికి ఫోన్ చేయండి, రేటు అడగండి. ఒక్కోసారి నేరుగా అడిగితేనే తక్కువ. తర్వాత ముఖ్యమైన ప్రశ్న: "24 గంటల చెకౌటా, పన్నెండు గంటల చెకౌటా?" పన్నెండు గంటల చెకౌట్ అంటే మీరు పొద్దున్న తొమ్మిదింటికి దిగినా మధ్యాహ్నం దాకా గది ఇవ్వరు, రెండో రోజు పన్నెండుకి ఖాళీ చేయమంటారు. 24 గంటలది అయితే మీరు ఎప్పుడు దిగితే అప్పటి నుంచి లెక్క. తక్కువ డబ్బున్నవాళ్ళకి ఈ తేడా సగం రోజు. ఇంకొకటి, బీచ్ ఎదురు గది వద్దు. సముద్రం కనిపించే కిటికీకి అదనంగా డబ్బు. ఆర్టీసీ కాంప్లెక్స్ చుట్టుపక్కల, డాబాగార్డెన్స్, జగదాంబ వైపు మామూలు లాడ్జీలు ఉంటాయి, ఎక్కడికైనా బస్సు దొరుకుతుంది.

మాకు దొరికింది ఏసీ లేని గది, 900. జూన్‌లో వైజాగ్ ఉక్క తెలుసు కదా. ఆ రాత్రి ఫ్యాను తిరుగుతున్నా చెమటలే. పొద్దున్న లేచి బావ కౌంటర్‌కి వెళ్ళి ఏసీ గదికి మార్పించాడు, 1,300. నాలుగు వందలు ఎక్కువ. నేను గొణిగాను. కానీ ఇప్పుడు చెబుతున్నాను, మొదటి రాత్రే తీసుకోవాల్సింది. చెప్పాను కదా, డబ్బంతా గది మీద పెట్టాలని. చెప్పిన నేనే అక్కడ పిసినారితనం చేశాను.

కౌంటర్ దగ్గర ఇంకో ఊసు. ఇద్దరి ఆధార్లు అడిగారు. నా ఆధార్‌లో ఇంకా మా నాన్న ఇంటిపేరు, పుట్టింటి అడ్రసు. అతను రెండు కార్డులూ పక్కపక్కన పెట్టి "ఇంటిపేర్లు వేరు కదమ్మా, మీరు భార్యాభర్తలేనా?" అన్నాడు. మెళ్ళో పుస్తెలున్నాయి, కాళ్ళకి మట్టెలున్నాయి. వెనక ఇంకో కుటుంబం నిలబడి వింటోంది. నాకు ఏడుపొచ్చినంత పనయింది. బావ ఏం మాట్లాడలేదు, ఫోన్ తీసి పెళ్ళి ఫొటో చూపించాడు. తలంబ్రాలు నా కళ్ళలో పడి నేను మొహం ముడుచుకున్న ఫొటో. అతను కూడా నవ్వేశాడు, తాళం ఇచ్చాడు.

పెళ్ళి కానివాళ్ళు కూడా అడుగుతున్నారు కాబట్టి చెబుతున్నా. పద్దెనిమిదేళ్ళు నిండిన ఇద్దరు ఒకే గదిలో ఉండకూడదని చట్టం ఏదీ లేదు. కానీ లాడ్జీవాళ్ళు మా రూలు ఇది అని గది ఇవ్వకపోవచ్చు. అంత దూరం వెళ్ళి కౌంటర్ దగ్గర తలవంపులు పడేకంటే ముందే ఫోన్‌లో అడిగేయండి. ఒరిజినల్ గుర్తింపు కార్డు ఇద్దరిదీ ఉండాలి. జిరాక్స్ ఇవ్వాల్సి వస్తే మాస్క్‌డ్ ఆధార్ ఇవ్వండి, ఆధార్ వెబ్‌సైట్‌లోనే డౌన్‌లోడ్ అవుతుంది, అందులో చివరి నాలుగు అంకెలే కనిపిస్తాయి.

సరే, తిరిగింది.

మొదటి సాయంత్రం బావకి సబ్‌మెరైన్ చూడాలని. ఐఎన్ఎస్ కుర్సురా. నేను ఫొటోల కోసం వెళ్ళాను, అంతే. ఇది 1969లో నేవీలో చేరింది, 1971 యుద్ధంలో ఉంది, 2001లో రిటైరయింది, ఆ మరుసటేడు దాన్ని ఇసకలోకి లాక్కొచ్చి మ్యూజియం చేశారు. పొడవు 91 మీటర్లు. లోపల ఒక మనిషి నడిచే సందు, గుండ్రటి తలుపుల్లోంచి వంగి దూరాలి. అందులో 70 మందికి పైగా ఉండేవాళ్ళట. మంచాలు చూపించారు, ఒకదాని మీద ఒకటి, పక్కకి తిరిగితే గోడ తగిలేంత.

బావ ఆ మంచం దగ్గర ఆగిపోయాడు. వెనక జనం "నడవండి బాబూ" అంటున్నారు. కదల్లేదు. చేత్తో ఆ మంచం కొలిచాడు. "మా బోటులో ఇంతే ఉంటాది" అన్నాడు. "ఇద్దరం ఒకే దాంట్లో వొంతులేసుకుని పడుకుంటాం. ఆడు లేస్తే నేను." పదిహేను ఇరవై రోజులు అలాగే. రెండేళ్ళలో నాకు ఫోన్‌లో ఒక్కసారి చెప్పలేదు ఈ మాట. "తిన్నావేటి?" అంటే "తిన్నాను", "పడుకున్నావేటి?" అంటే "పడుకున్నాను" అనేవాడు. ఎక్కడ పడుకున్నావని నేనూ అడగలేదు.

ఎదురుగా టీయూ-142 విమానం మ్యూజియం కూడా ఉంది. దానికి మళ్ళీ టికెట్ ఎందుకని బయట నుంచే చూశాం.

ఆ తర్వాత బీచ్‌లో జరిగింది చెప్పాలంటే సిగ్గుగా ఉంది. ఒక ఫొటో అబ్బాయి వెంటపడ్డాడు. "అక్కా, ఒక్క ఫొటో, ఇరవై రూపాయలే, నచ్చితేనే తీసుకోండి." నేను సరే అన్నాను. ఇలా నిలబడండి, అలా చెయ్యి పెట్టండి, అటు పరిగెత్తండి, అని అరగంట. చివరికి ముప్పై ఫొటోలు, ఆరు వందలు. నేను పదే తీసుకుంటానంటే "అన్నీ మీకోసమే తీశాను కదక్కా" అని గొడవ. బావకి గొడవలు పడవు, ఇచ్చేశాడు. నేను కోప్పడ్డాను. నా జాకెట్ల డబ్బు. పన్నెండు జాకెట్లకి హుక్సులు కుట్టి కాజాలు తీసిన డబ్బు. "నువ్వు ఎందుకిచ్చావు?" అంటే "నువ్వెందుకు సరేనన్నావు?" అన్నాడు. అంతే. పది నెలలు ఎదురుచూసిన రాత్రి అటు తిరిగి ఒకరం, ఇటు తిరిగి ఒకరం. ఏసీ కూడా లేదు.

ఫొటో కావాలంటే ముందే చెప్పండి, "మూడే తీయి, మూడింటికే ఇస్తాను" అని. అది కూడా కెమెరా పైకి లేవకముందే.

రెండో రోజు పెందలకడే సింహాచలం. కొండ కింద నుంచి మెట్లెక్కాలని నేను, బస్సెక్కుదామని బావ. ఇద్దరికీ మాటల్లేవు కాబట్టి బస్సే ఎక్కాం. (నవ్వు) ఉచిత దర్శనం లైనులో నిలబడ్డాం, బుధవారం కాబట్టి త్వరగానే అయింది. గుళ్ళో కప్ప స్తంభం ఉంటుంది, దాన్ని కౌగిలించుకుని మొక్కుకుంటారు, పిల్లలు కావాలనుకునేవాళ్ళు ముఖ్యంగా. అత్త అదే చెప్పి పంపింది. బావ వెళ్ళి కౌగిలించుకున్నాడు, పక్కకి చూసి "రా" అన్నాడు. నిన్న రాత్రి తర్వాత అదే మొదటి మాట. మధ్యాహ్నం దేవస్థానం అన్నదానంలోనే తిన్నాం.

తిండి గురించి ఇక్కడే చెప్పేస్తాను. పొద్దున్న టిఫిన్ బండి దగ్గర, మధ్యాహ్నం గుడి భోజనం లేదా మెస్సు, రాత్రి ఒక్క పూట మంచి హోటల్లో. అన్నీ కలిపి 1,150 అయింది. సాయంత్రం బీచ్‌లో మూరీ మిక్చర్ తినండి, మరమరాలు, ఉల్లిపాయ, నిమ్మకాయ. అది తినకుండా వైజాగ్ వెళ్ళొచ్చాం అనకూడదు. చేపలు మాత్రం మేం ముట్టలేదు. హోటల్లో అపోలో ఫిష్ రేటు చూసి బావ మెనూ కార్డు మూసేశాడు. "ఈ రేటుకి మామ బుట్టెడు ఇస్తాడు" అన్నాడు.

రెండో సాయంత్రానికి నా దగ్గర రెండు ఆలోచనలున్నాయి. ఒకటి తొట్లకొండ, భీమిలి దారిలో కొండ మీద పాత బౌద్ధ ఆరామం. 1970ల్లో నేవీవాళ్ళు సర్వే చేస్తుంటే బయటపడింది. స్తూపం, సన్యాసుల గదుల పునాదులు, నీళ్ళ తొట్లు, కింద సముద్రం. మన శాలిహుండం చూసినవాళ్ళకి అర్థమవుతుంది. ప్రశాంతంగా ఉంటుంది. కానీ రోడ్డు నుంచి పైకి చాలా నడవాలి, బస్సు కొండెక్కదు, చీకటి పడేలోపు దిగిపోవాలి. బండి ఉన్నవాళ్ళకి బాగుంటుంది. మేం కైలాసగిరికి వెళ్ళాం. రోప్‌వే టికెట్టు పైకి మాత్రం తీసుకుని కిందకి మెట్ల మీద నడిచి దిగాం. దిగితే కిందే తెన్నేటి పార్కు. అక్కడ డబ్బులతో పనిలేదు, రాళ్ళ మీద కూర్చోవచ్చు. 2020 అక్టోబరులో వాయుగుండానికి బంగ్లాదేశ్ ఓడ ఒకటి కొట్టుకొచ్చి ఒడ్డెక్కింది ఇక్కడే. బావ ఆ రాళ్ళు చూస్తూ, ఓడ ఎటు నుంచి వచ్చి ఎలా తిరిగి ఉంటుందో అరగంట చెప్పాడు. నేను విన్నాను. సగం అర్థం కాలేదు, అయినా విన్నాను.

నీళ్ళలోకి దిగాలనుకునేవాళ్ళకి మాత్రం ఒక మాట. ఆర్కే బీచ్ దగ్గర లోపలికి లాగేస్తుంది. ఏటా మనుషులు పోతున్నారు అక్కడ. సముద్రంలో పుట్టి పెరిగిన బావే మోకాలి దాకా దిగలేదు. "ఇక్కడి కెరటం మనకి తెల్దు" అన్నాడు.

ఆ రాత్రి గదిలో ఏసీ వేసుకుని, తలుపు గడియ పెట్టుకుని, మంచం మీద కూర్చున్నాం. బావ లైటు ఆర్పమన్నాడు. ఆర్పాక అన్నాడు, "నాకు ఎల్లాలని లేదే."

నాకు మొదట అర్థం కాలేదు, ఇంటికేమో అనుకున్నాను. వెరావల్‌కి. 2018 నవంబరులో మన వైపు జాలర్లు పాకిస్తాన్ వాళ్ళకి పట్టుబడి 2020 జనవరి దాకా అక్కడి జైల్లోనే ఉన్నారు కదా. అప్పటి నుంచి రాత్రిపూట పెద్ద లైటు ఏది కనిపించినా గుండె ఆగిపోతుందట. అందరికీ అంతే, ఎవరూ బయటికి అనరు. ఇంట్లో చెప్పలేడు. వచ్చే సీజన్‌కి అడ్వాన్సు తీసుకున్నాడు, దాంతోనే ఇంటి మీద రేకులు తీసి శ్లాబు వేశారు. మామ ముందు ఆ మాట ఎలా అంటాడు? మన మూలపేట పోర్టు పని నడుస్తోంది, 2023లో శంకుస్థాపన చేశారు, అక్కడ ఏదైనా పని దొరుకుతుందేమో అని అడిగి చూశాడట. నాకు చెప్పలేదు. నేను కూడా ఒకటి దాచాను. టెక్కలిలో కుట్టుమిషన్ల షాపు పక్కన చిన్న గది అద్దెకుంది, అక్కడ టైలరింగ్ పెడదామని నాకు. అత్త ఒప్పుకోదని ఎవరితోనూ అనలేదు.

తెల్లారేదాకా లెక్కలేసుకున్నాం. ఫోన్ క్యాలిక్యులేటర్‌లో. అడ్వాన్సు ఎంత తీరాలి, మిషన్ ఎంత, అద్దె ఎంత. ఇదేం రొమాంటిక్ ట్రిప్పు అంటారా? మా ఇంట్లో ఈ లెక్క మేం ఎక్కడ కూర్చుని వేయగలం చెప్పండి. వంటింట్లో అత్త, వసారాలో మామ, మేడ మీద మరిది ఫోన్‌లో గేమ్. ఆ గదికి కట్టిన 1,300 నేను జీవితంలో పెట్టిన బెస్ట్ ఖర్చు.

ఒక సీజన్ ఇంకా వెళ్ళక తప్పదని తేలింది. అడ్వాన్సు తీర్చాలి కదా. ఆగస్టులో వెళ్ళాడు. పోర్టు పని సంగతి ఇంకా ఏమీ తేలలేదు. టెక్కలి గది వేరేవాళ్ళు తీసుకున్నారు, నేను ఇంకోటి చూస్తున్నాను.

మొత్తం లెక్క చెప్పేస్తాను, రాసుకునేవాళ్ళు రాసుకోండి. నౌపడకి ఆటోలు రానూపోనూ 160. రైలు 180. గది రెండు రాత్రులకి 2,200. తిండి 1,150. సిటీలో తిరగడం 420. సబ్‌మెరైన్, రోప్‌వే కలిపి 300. గుడి, ప్రసాదం 200. ఫొటోలు 600. కలిపితే 5,210. పైన 210 బావ జేబులోంచి. ఆ ఫొటోలు తీసేస్తే 390 మిగిలేది, మొదటి రాత్రి కూడా ఏసీలో పడుకునేవాళ్ళం. ఫొటోలు బాగానే వచ్చాయి కానీ. ఒకటి మా అత్త ఫ్రేము కట్టించి గోడకి పెట్టింది. సింహాచలం దగ్గర తీసింది అనుకుంటోంది.

ఈసారి కూడా 5,000 అయింది పోస్టాఫీసులో. రెండు రాత్రులూ ఏసీ గది, 24 గంటల చెకౌట్ ఉన్న చోటే. సిటీ బస్సులు నాకు ఫ్రీ. ఆటో ఎక్కను. సబ్‌మెరైన్ మళ్ళీ అక్కర్లేదు, బావకి భీమిలి చూడాలనుంది, బీచ్ రోడ్డు మీదుగా వెళ్ళే బస్సులో కిటికీ పక్క సీటు దొరికితే అదే ఒక ట్రిప్పు. అక్కడ డచ్చివాళ్ళ పాత సమాధులున్నాయి, గోస్తనీ నది సముద్రంలో కలిసే చోటుంది. డబ్బులడిగేవాళ్ళు ఎవరూ ఉండరు. ఈసారి ఆధార్‌లో అడ్రసు కూడా మార్పించాను.

ఇంట్లో ఏం చెప్పాలో మాత్రం ఇంకా తేలలేదు. అప్పన్న మొక్కు ఒకసారి వాడేశాం కదా. మీ దగ్గర మంచి సాకు ఏదైనా ఉంటే కామెంట్‌లో పెట్టండి. కాంప్లెక్స్ దగ్గర 24 గంటల చెకౌట్ ఉన్న శుభ్రమైన లాడ్జి తెలిస్తే అది కూడా.

అదిగో, అత్త పిలుస్తోంది. వస్తన్నానత్తా! సరే అండీ, ఉంటాను, బాయ్.